కానుక పెట్టెకు రెండు తాళాలు, చర్చి చేనుకు ఒక్కటీ లేదు

కర్నూలు, కడప, అనంతపురం జిల్లాల్లో ఏ పాత క్రైస్తవ సంఘాన్ని తీసుకున్నా ఒక సంగతి కనబడుతుంది. ఆదివారం కానుకల్లో వంద రూపాయలు తేడా వస్తే ఆరాధన అయ్యాక గంటసేపు మాటలు నడుస్తాయి. అదే సంఘానికి ఊరి బయట ఉన్న నాలుగెకరాల చేను ఎవరి పేరు మీద ఉంది, ఎవరు దున్నుతున్నారు, గుత్త ఎంత అని అడిగితే "అదంతా డయోసీస్ వాళ్లకే తెలియాలి" అంటారు. డయోసీస్ ఆఫీసులో అడిగితే "ఆ పాస్టరేట్ వాళ్లే చూసుకుంటున్నారు కదా" అంటారు. డయోసీస్ అంటే ఒక బిషప్ కింద ఉండే పాలనా విభాగం, పాస్టరేట్ అంటే ఒక పాస్టరు కింద ఉండే సంఘాలు. చర్చి భూములు చేజారేది ఈ రెండు మాటల మధ్యే. దొంగచాటుగా అమ్మేసిన స్థలాల గురించి అందరూ మాట్లాడతారు గానీ, ఎవరూ చూడక, కాగితం లేక పోయే నేల గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. డబ్బుకు పెట్టుకున్న కట్టుబాట్లే నేలకూ పెట్టుకుంటే ఇందులో చాలా భాగం నిలుస్తుంది.

ముందు ఆస్తి ఎవరి పేరు మీద ఉంటుందో తెలుసుకోవాలి. రాయలసీమలో మిషన్ భూములు ఒకే చేతి మీదుగా రాలేదు. కడప, గుత్తి, జమ్మలమడుగు, అనంతపురం వైపు లండన్ మిషనరీ సొసైటీ. నంద్యాల, ముత్యాలపాడు వైపు ఆంగ్లికన్ (ఇంగ్లండు సంఘం) మిషన్ సంస్థ ఎస్.పి.జి. కర్నూలు పట్నంలో అమెరికన్ బాప్టిస్టులు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం, అంటే సి.ఎస్.ఐ., ఏర్పడినప్పుడు లండన్ మిషన్ సంఘాలు అందులో చేరాయి. నంద్యాల ఆంగ్లికన్లు అప్పుడు చేరలేదు. అందుకే జమ్మలమడుగు చర్చి పత్రాలు వెతికే దారిలో నంద్యాల చర్చి పత్రాలు దొరకవు.

సి.ఎస్.ఐ. స్థిరాస్తికి చట్టం దృష్టిలో యజమాని ఊరి సంఘం కాదు, బిషప్ గారూ కాదు. చెన్నైలోని సి.ఎస్.ఐ. ట్రస్ట్ అసోసియేషన్ అనే కంపెనీ. 1947లోనే దాన్ని లాభాపేక్ష లేని కంపెనీగా రిజిస్టరు చేశారు. ఇప్పటి కంపెనీల చట్టంలో ఇలాంటివి 8వ సెక్షన్ కిందికి వస్తాయి, వీటిలో సభ్యులకు డివిడెండు పంచడానికి వీల్లేదు. డయోసీస్ అధికారులు ఆ కంపెనీ ఇచ్చిన పవర్ ఆఫ్ అటార్నీతో పని చేస్తారు. కాబట్టి పాస్టరేట్ కమిటీ తీర్మానం ఒక్కటి చూసి ఎవరైనా చర్చి స్థలం కొన్నారంటే, లీజుకు తీసుకున్నారంటే, వాళ్ల చేతిలో ఉన్నది తెల్ల కాగితమే. పాస్టరేట్ తీర్మానం, డయోసీస్ ప్రాపర్టీ కమిటీ, కార్యనిర్వాహక కమిటీ, ఆపైన ట్రస్ట్ అసోసియేషన్ అనుమతి: ఈ మెట్లన్నీ ఎక్కితేనే అమ్మకం అమ్మకమవుతుంది. బాప్టిస్టుల్లోనూ స్థిరాస్తులు చూసుకునేందుకు వేరే ప్రాపర్టీ అసోసియేషన్ ఉంది.

కతోలికుల ఏర్పాటు ఇంకో రకం. వాళ్లలో డయోసీస్‌ను మేత్రాసనం అనీ, ఒక గురువు కింది ఊరి సంఘాన్ని విచారణ అనీ అంటారు. కర్నూలు మేత్రాసనం 1967లో, కడప మేత్రాసనం 1976లో, రెండూ నెల్లూరు మేత్రాసనం నుంచి విడివడ్డాయి. విచారణలోని గుడి, బడి, పొలం సాధారణంగా మేత్రాసనం తరఫున రిజిస్టరైన సంస్థ పేరు మీద ఉంటాయి. పక్కనే ఉన్న కన్యాస్త్రీల కాన్వెంటు, ఆసుపత్రి మాత్రం ఆ కన్యాస్త్రీల సభవాళ్లవి కావచ్చు. ఒకే ప్రహరీ లోపల రెండు యాజమాన్యాలుంటాయని తెలియక గోడ కట్టేటప్పుడో, బోరు వేసేటప్పుడో తగాదాలొస్తాయి. కతోలిక సభ సొంత నియమావళి అయిన 1983 నాటి కానన్ చట్టం ఆస్తి విషయంలో చాలా వివరంగా ఉంది (బ్రాకెట్లలోవి కానన్ల, అంటే నియమాల, నంబర్లు). ప్రతి మేత్రాసనానికీ కనీసం ముగ్గురితో ఐదేళ్ల పదవీకాలం ఉన్న ఆర్థిక మండలి (492), ప్రతి విచారణకూ ఆర్థిక మండలి (537), బాధ్యత తీసుకునే ముందే ఆస్తుల జాబితా రాసి సంతకం చేయడం (1283), ఏటా లెక్క అప్పగించడం (1284). 1298 కానన్ మాత్రం ప్రతి విచారణ ఆఫీసు గోడకూ అంటించాలి. చిన్నపాటి విషయమైతే తప్ప, ఆస్తి చూసుకునేవాళ్లకు గానీ, నాలుగో అంచె బంధుత్వం వరకు వాళ్ల రక్తసంబంధులకు, వియ్యాలవారికి గానీ ప్రత్యేక రాతపూర్వక అనుమతి లేకుండా చర్చి ఆస్తి అమ్మకూడదు, అద్దెకివ్వకూడదు. ఈ ఒక్క నియమాన్ని అన్ని సంఘాలూ పాటిస్తే సగం గొడవలు పుట్టవు.

స్వతంత్ర సంఘాలది అన్నిటికన్నా నాజూకు పరిస్థితి. పాస్టరు గారు సొంత కష్టంతో మూడు సెంట్లు కొంటారు, విశ్వాసులు ఇటుక, సిమెంటు మోసి గుడి కడతారు, పత్రం మాత్రం పాస్టరు గారి పేరు మీదే ఉంటుంది. ఆయన కాలం చేస్తే ఆ స్థలం వారసులది. వాళ్లు మంచివాళ్లయితే సంఘం నడుస్తుంది, లేకపోతే తాళం పడుతుంది. దీనికి మార్గం ఉంది. ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 2001 కింద కనీసం ఏడుగురితో సొసైటీ పెట్టి, స్థలాన్ని సొసైటీ పేరుకు దానపత్రం రాయించి రిజిస్టరు చేయడం. తర్వాత ఏటా కార్యవర్గం జాబితా జిల్లా రిజిస్ట్రారుకు ఇస్తుండాలి, అది ఆపితే సొసైటీ ఉండీ లేనట్టే. ఇక్కడ మన ప్రాంతంలో ఒక చిక్కు ఉంది, బయటికి చెప్పరు గానీ అందరికీ తెలుసు. ఎస్సీ కుటుంబాల్లో చాలామందికి కుల ధ్రువీకరణ హిందువులుగా ఉంటుంది. క్రైస్తవులుగా నమోదైతే బీసీ-సి కిందికి వస్తారు. చర్చి సొసైటీ కాగితం మీద సంతకం పెడితే పిల్లల రిజర్వేషన్‌కు ఇబ్బంది అవుతుందని భయపడి వెనక్కి తగ్గుతారు. ఫలితంగా సంఘాన్ని నిజంగా మోసేవాళ్ల పేర్లు రికార్డులో ఉండవు, పాస్టరు గారి బంధువుల పేర్లే ఉంటాయి. ఈ భయాన్ని తప్పు పట్టలేం. కానీ దాని వల్ల గుడి ఎవరి చేతిలో పడుతుందో ఆ కుటుంబాలకు ముందే విడమరిచి చెప్పాలి.

ఇక డబ్బు. ఊరి సంఘానికి వచ్చేది ఎక్కువగా కానుక సంచి, నెల చందా, దశమభాగం, కృతజ్ఞతార్పణలు, పెళ్లి, బాప్తిస్మం కానుకలు, ఆడవాళ్లు రోజూ ఎసట్లో పోసేముందు తీసిపెట్టే పిడికెడు బియ్యం, కోతల పండుగ వేలం. కతోలిక విచారణల్లో దివ్యపూజ కానుకలకు వేరే పుస్తకం ఉండాలి, ఎన్ని పూజలు, ఎవరి కోసం, కానుక ఎంత, ఎప్పుడు చేశారు అన్నీ అందులో రాయాలి (958). ఒకే రోజు ఒకటికి మించి పూజలు చేసినా గురువు తనకు ఉంచుకునేది ఒక్క పూజ కానుకే, క్రిస్మస్ రోజు మినహా (951).

లెక్కింపు దగ్గర పద్ధతి కుదిరితే మిగతావన్నీ కుదురుతాయి. సంచులు వెస్ట్రీ గదిలోకి (గుడి పక్క గదిలోకి) వెళ్లాక కనీసం ముగ్గురు కూర్చోవాలి, వాళ్లలో ఒకే ఇంటివాళ్లు ఇద్దరుండకూడదు. ముందు కవర్లను విడి నోట్ల నుంచి వేరు చేయాలి. కవరు మీద పేరు, నెల, దేనికోసం అన్నది ఒకరు చదువుతుంటే ఒకరు రాయాలి. లోపలి సొమ్ము పైన రాసిన అంకెతో సరిపోకపోతే అదే కవరు మీద అసలు అంకె ఎర్ర సిరాతో వేసి ఇద్దరు సంతకం చేయాలి, కవరును ఆడిటు దాకా దాచాలి. తర్వాత విడి నోట్లు: ఐదు వందలవి ఎన్ని, రెండు వందలవి ఎన్ని, వందలవి ఎన్ని, చివరన చిల్లర. స్లిప్పు కింద కార్బను పెట్టి రెండు కాపీలు రాయాలి. ఒకటి సొమ్ముతో పాటు కోశాధికారికి, రెండోది కార్యదర్శికి. రెండూ ఒకరి దగ్గరే ఉంటే స్లిప్పు రాసి ప్రయోజనం లేదు. పెట్టెకు రెండు తాళాలు వేసి తాళంచెవులు ఇద్దరి దగ్గర ఉంచడం పాత మిషన్ కాలం నుంచి ఉన్న అలవాటు. బ్యాంకు దూరమైన ఊళ్లలో ఇప్పటికీ అదే మంచిది.

సోమవారం బ్యాంకులో కట్టే మొత్తం ఆ స్లిప్పు మొత్తంతో రూపాయి తేడా లేకుండా సరిపోవాలి. ఎక్కువ సంఘాల్లో తప్పు జరిగేది ఇక్కడే. మైకు రిపేరుకు ఎనిమిది వందలు, వచ్చిన ప్రసంగీకుడికి బస్సు చార్జీ ఐదు వందలు సంచిలోంచే తీసిచ్చి మిగిలింది కడతారు. ఎవరూ తినలేదు, అయినా ఆ ఏడాది ఆదాయమూ నిజం కాదు, ఖర్చూ నిజం కాదు. ఖర్చులకు చిల్లర నగదుగా మూడు వేలో ఐదు వేలో విడిగా పెట్టి, వోచర్లు చూపించాక మళ్లీ అంతకు నింపుకోవాలి. ఈ మధ్య ఫోన్‌పే, గూగుల్‌పే క్యూఆర్ బోర్డు గుడి ముందే పెడుతున్నారు. ఆ క్యూఆర్ ఎవరి ఖాతాదో ఒకసారి స్కాన్ చేసి చూడండి. పాస్టరు గారిదో, కోశాధికారిదో సొంత ఖాతా అయితే సంఘం సొమ్ము ఆయన ఆదాయంగా బ్యాంకు రికార్డులోకి ఎక్కుతుంది. రేపు ఆయన బదిలీ అయినా, కన్నుమూసినా ఆ డబ్బు తీయడం కుటుంబానికీ కష్టం, సంఘానికీ కష్టం.

కోతల పండుగ వేలం రాయలసీమ సంఘాల పెద్ద ఆదాయం. శెనక్కాయల మూట, పొట్టేలు, నాటుకోడి, టెంకాయ, గుమ్మడికాయ అన్నీ బల్ల ముందుకొస్తాయి. నలభై రూపాయల టెంకాయ రెండు వేలకు పోతుంది, అదే వేలం అందం. పాడినవాళ్లు "పంట డబ్బు రాగానే ఇస్తా" అంటారు, కోశాధికారి తెల్ల కాగితం మీద రాసుకుంటాడు, క్రిస్మస్ నాటికి ఆ కాగితం ఉండదు. వేలానికి నంబర్లేసిన పుస్తకం పెట్టి, వస్తువు, పాట మొత్తం, పాడినవారి సంతకం, చెల్లించిన తేదీ రాయాలి. బాకీలు నెలాఖరుకు సంఘంలో చదవాలి. చదువుతారని తెలిస్తే పాట కూడా తాహతుకు తగ్గట్టే ఉంటుంది.

సి.ఎస్.ఐ. సంఘాల్లో నెల చందాకు ఇంకో బరువు ఉంది. చందా బాకీ లేనివారికే పాస్టరేట్ ఎన్నికల్లో ఓటు. దాంతో ఓటర్ల జాబితా మూసే వారంలో ఒకే చేతివ్రాతతో యాభై రసీదులు పుడతాయి, యాభై మంది ఏడాది చందా ఒకరే కట్టేస్తారు. రసీదు పుస్తకంలో వరుస నంబర్లు, తేదీలు, కట్టినవారి సంతకం చూస్తే ఇది ఇట్టే తెలిసిపోతుంది. ఆడిటర్ చూసేది మొత్తమే కాబట్టి ఆయనకు తెలియదు. సంఘ పెద్దలే చూడాలి.

పాస్టరేట్ వసూలు చేసినదంతా అక్కడే ఉండదు. ఏటా ఇంత అని అసెస్‌మెంటు వేస్తారు, అది డయోసీస్‌కు పోతుంది. అక్కడి నుంచి పాస్టర్లందరికీ ఒకే స్కేలు మీద జీతాలు. టౌను సంఘం లక్షలు కట్టి "మా డబ్బు మాకు తిరిగి రాదు" అని సణుగుతుంది. కానీ నల్లరేగడి పల్లెలో పత్తి కూలికి పోయే నలభై ఇళ్ల సంఘం తన పాస్టరుకు సొంతంగా జీతం ఇచ్చుకోలేదు. ఈ ఉమ్మడి సంచి లేకపోతే ఆ పల్లెకు పాస్టరే ఉండడు. అసెస్‌మెంటు ఎగ్గొట్టే టౌను సంఘం నిజానికి ఆ పల్లె నోటి దగ్గరి కూడు లాగుతోంది. ఈ మాట గట్టిగానే చెప్పాలి.

ఒక పనికని ఇచ్చిన సొమ్ము ఆ పనికే. భవన నిధిలోంచి పండుగ ఖర్చుకు "సర్దుబాటు" చేయడం, తర్వాత తిరిగి వేయకపోవడం ఊరూరా ఉన్నదే. బ్యాంకు ఖాతా ఒకటే అయినా లెడ్జరులో భవనం, బీదల నిధి, సువార్త నిధి వేర్వేరు పేజీల్లో ఉండాలి. కానన్ 1267 చెప్పేదీ ఇదే, ఆదాయపు పన్ను వాళ్లు అడిగేదీ ఇదే.

నిల్వ సొమ్ము విషయంలో పల్లె సంఘాలు చేసే పెద్ద తప్పు వడ్డీకి తిప్పడం. సంఘంలో రెండు లక్షలు నిల్వ ఉంటే నూటికి రెండు రూపాయల వడ్డీకి సభ్యులకే ఇస్తారు. మొదటి రెండేళ్లు బాగానే ఉంటుంది. వాన రాని ఏడాది అసలూ రాదు, వడ్డీ రాదు. తీసుకున్నాయన గుడికి రావడమే మానేస్తాడు. డబ్బు పోయిందీ, మనిషీ పోయాడు. చట్టం కూడా ఒప్పుకోదు. పన్ను మినహాయింపు ఉన్న ట్రస్టులు, సొసైటీలు తమ నిధులను షెడ్యూల్డు బ్యాంకు, పోస్టాఫీసు, ప్రభుత్వ బాండ్లు వంటి నిర్ణీత చోట్లే పెట్టాలి. చీటీలు, చేబదుళ్లు అందులో లేవు. మినహాయింపు పోతే డయోసీస్ మొత్తానికి దెబ్బ, ఎందుకంటే చాలా పాస్టరేట్లు డయోసీస్ పాన్ కిందే ఉంటాయి.

పన్ను సంగతి ముఖ్యమైనంత వరకే. 1961 చట్టం ప్రకారం 12ఏబీ (పన్ను మినహాయింపు) రిజిస్ట్రేషన్ ఉంటే ఆదాయంలో 85 శాతం ఆ ఏడాది ఉద్దేశించిన పనులకు ఖర్చు చేయాలి, 15 శాతం ఉంచుకోవచ్చు. అంతకు మించి దాచాలంటే ఎందుకో రాసి ఫారం 10 ఇచ్చి ఐదేళ్లలో వాడాలి. ఒక మనిషికి ఒక రోజులో పది వేలు మించి నగదుగా ఇచ్చిన ఖర్చు లెక్కలోకి రాదు. మేస్త్రీకి నలభై వేలు చేతికిచ్చి వోచరు రాయించుకుంటే ఆ నలభై వేలూ ఖర్చు కానట్టే. 2025 కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చేలా చేశారు కాబట్టి సెక్షన్ల నంబర్లు మారతాయి, ఆడిటర్‌ను అడిగి కొత్త నంబర్లు రాసుకోండి. విదేశీ విరాళం వస్తే ఎఫ్.సి.ఆర్.ఏ. (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ ఉండాలి, సొమ్ము మొదట ఢిల్లీ స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచి ఖాతాలోనే పడాలి. 2020 సవరణ తర్వాత దాన్ని ఇంకో సంస్థకు బదలాయించకూడదు, పరిపాలన ఖర్చు 20 శాతం మించకూడదు. అద్దెల మీద జీఎస్టీ సంగతిలో పాస్టరేట్లు ఒకటి మర్చిపోతాయి. "మా అద్దెలు ఏడాదికి మూడు లక్షలే" అంటారు గానీ, ఒకే పాన్ కింద ఉన్న అన్ని పాస్టరేట్ల అద్దెలూ కలిపి ఇరవై లక్షల పరిమితి చూస్తారు. ఆరాధన స్థలం ఆవరణలోనే ఉండి, మినహాయింపు రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థ ఇచ్చే షాపు అద్దె నెలకు పది వేల లోపైతే జీఎస్టీ ఉండదు. రోడ్డవతల ఉన్న చర్చి షాపులకు ఆ మినహాయింపు వర్తించదు.

ఇప్పుడు నేల దగ్గరికి వద్దాం. పాత పత్రం ఎలా ఉంటుందంటే, సర్వే నంబరు ఉంటే ఉంటుంది, లేకపోతే "తూర్పున వంక, పడమర బండిబాట, దక్షిణాన ఫలానా రెడ్డి గారి చేను, ఉత్తరాన చింతచెట్టు" అని హద్దులుంటాయి. వంక పూడిపోయింది, బండిబాట తారు రోడ్డయింది, చింతచెట్టు కొట్టేశారు. అందుకని పత్రం ఒక్కటీ చాలదు. బ్రిటిష్ కాలం నాటి ఆర్.ఎస్.ఆర్. (రీసెటిల్‌మెంట్ రిజిస్టరు), గ్రామ పటం, ఎఫ్.ఎం.బి. (పొలం కొలతల పుస్తకం), పాత అడంగల్ (ఏటా సాగు రికార్డు) నకళ్లు అన్నీ సర్టిఫైడు కాపీలు తీసుకోవాలి. అడంగల్ ఫసలీ లెక్కన ఉంటుంది. క్రీస్తుశకం నుంచి 590 తీసేస్తే ఫసలీ వస్తుంది, అంటే 2024 జూలై నుంచి 2025 జూన్ దాకా 1434 ఫసలీ. ఈసీ (ఆస్తి లావాదేవీల ధ్రువపత్రం) ఆన్‌లైన్‌లో 1983 నుంచే దొరుకుతుంది, అంతకు ముందుది సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో చేత్తో వెతికించాలి. అనంతపురం జిల్లా 1882లో బళ్లారి నుంచి విడిపోయింది. అంతకు ముందు గుత్తి వైపు మిషన్ కొన్న స్థలాల కాగితాలకు బళ్లారి రికార్డులు కూడా చూడాల్సి వస్తుంది. మదనపల్లె 1911 దాకా కడప జిల్లాలో ఉంది. 2022లో నంద్యాల, శ్రీసత్యసాయి, అన్నమయ్య జిల్లాలు వచ్చాక పత్రంలో ఉన్న జిల్లా పేరూ ఇప్పటి ఆఫీసూ ఇంకా దూరమయ్యాయి.

ఆర్.ఎస్.ఆర్.లో పట్టాదారు గడిలో మూడు రకాలు కనబడతాయి. "లండన్ మిషన్" అని సంస్థ పేరు ఉంటే అదృష్టం. ఒక దొర పేరు ఉంటే, ఆ దొర మిషన్ తరఫున కొన్నాడని రుజువు చేసే పత్రాలు, మిషన్ నుంచి ట్రస్ట్ అసోసియేషన్‌కు బదిలీ అయిన పత్రం జత చేసి మ్యుటేషన్ (రెవెన్యూ రికార్డులో పేరు మార్పు) అడగాలి. పేరు ఉండాల్సిన చోట చుక్కలుంటే అది చుక్కల భూమి. ప్రభుత్వ భూమిగా నిషేధిత (రిజిస్ట్రేషన్ ఆపిన) జాబితాలోకి పోయి ఉండే అవకాశం ఎక్కువ. 2017లో వచ్చిన చుక్కల భూముల చట్టం కింద సాగు, అనుభవం రుజువులు పెట్టుకోవాలి. రిజిస్ట్రేషన్ చట్టంలోని 22ఏ నిషేధిత జాబితాలో హిందూ దేవాదాయ భూములకు, వక్ఫ్ భూములకు ప్రత్యేకంగా చోటుంది. చర్చి భూములు ఆ క్లాజులోకి రావు. దేవాదాయ శాఖ, వక్ఫ్ బోర్డు వంటి ప్రభుత్వ కాపలాదారు చర్చికి లేడు. స్వేచ్ఛ ఉంది, కాబట్టి కాపలా కూడా మనమే కాయాలి.

భూముల రీసర్వేలో కొత్త ఎల్.పి. (ల్యాండ్ పార్సిల్) నంబర్లు వచ్చిన ఊళ్లలో వెంటనే చూడాల్సింది ఇదే. సర్వేయర్లు వచ్చిన రోజు చేను దగ్గర నిలబడేది కౌలుదారు. పక్క చేనుల రైతులు తమ హద్దు చూపిస్తారు, చర్చి తరఫున ఎవరూ ఉండరు. పది సెంట్లు అటు పోతాయి. పాత సర్వే నంబరు విస్తీర్ణం, కొత్త ఎల్.పి. విస్తీర్ణం పక్కపక్కన రాసి, తేడా ఉంటే గడువు లోపల అప్పీలు వేయాలి.

కౌలు విషయం. చర్చి చేను చాలాచోట్ల నోటిమాట మీదే సాగుతుంది. తాతకిచ్చారు, కొడుకు చేశాడు, మనవడు చేస్తున్నాడు. అడంగల్‌లో అనుభవదారు గడిలో మనవడి పేరు ఎక్కుతుంది. యజమాని అనుమతితో ఉన్నవాడికి ఎన్నేళ్లయినా హక్కు పుట్టదు, కానీ అనుమతితోనే ఉన్నాడని చూపించడానికి కాగితం కావాలి. అది లేకపోతే "పన్నెండేళ్లకు పైగా నా సొంతంగా అనుభవిస్తున్నా" అనే వాదన ముందు సంఘం నోరు మూసుకోవాల్సి వస్తుంది. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద పదకొండు నెలల ఒప్పందం రాసి కౌలు రైతుకు సీసీఆర్‌సీ (పంట సాగుదారు హక్కు) కార్డు ఇప్పించడం మంచి మార్గం. రైతుకు పంట రుణం, బీమా అందుతాయి, భూమి మీద హక్కు పుట్టదని ఒప్పందంలోనే ఉంటుంది. కార్డు ఇస్తే చేను పోతుందని భయపడి సంతకం పెట్టని సంఘాలే, ఏ కాగితమూ లేకుండా ముప్పై ఏళ్లు వదిలేశాయి. గుత్త నగదుగా అయితే ఉగాదికి ముందే సగం, కోతలయ్యాక సగం, బ్యాంకు ఖాతాలోకే. కోరుకు (పంటలో వాటాకు) ఇస్తే తూకం రోజు సంఘం మనిషి కళ్లంలో ఉండాలి.

టౌన్లలో అసలు విలువ మిషన్ కాంపౌండు రోడ్డు ముఖంలో ఉంది. బిల్డరు వచ్చి "నా ఖర్చుతో ఇరవై షాపులు కడతా, ముప్పై ఏళ్లు నాకివ్వండి, షాపుకు వెయ్యి చొప్పున చర్చికిస్తా" అంటాడు. కట్టుబడి అరవై లక్షలు, ఆ వీధిలో షాపు అద్దె ఆరు వేలు అనుకుందాం. బిల్డరుకు ఏడాదికి 14.4 లక్షలు వస్తాయి, చర్చికి 2.4 లక్షలు ఇస్తాడు, 12 లక్షలు మిగులుతాయి. ఐదేళ్లలో పెట్టుబడి తిరిగొస్తుంది. ఆ తర్వాతి ఇరవై ఐదేళ్లలో, అద్దె పైసా పెరగకపోయినా మూడు కోట్లు ఆయనవి. అదీ కాక షాపుకు మూడు లక్షలు గుడ్‌విల్ పేరుతో అడ్వాన్సు తీసుకున్నాడంటే ఆయన సొంత పెట్టుబడే లేదు, షాపుల వాళ్ల డబ్బుతోనే కట్టాడు. అదే అడ్వాన్సు సంఘమే తీసుకుని దశలవారీగా కట్టుకుంటే షాపులు మొదటి రోజు నుంచీ మనవే. బిల్డరుతో తప్పదనుకుంటే పదేళ్లకు మించొద్దు. మూడేళ్లకొకసారి అద్దె పెంపు, సబ్‌లీజు నిషేధం, బాకీ పడితే ఖాళీ చేయించే షరతు ఉండాలి. ఏడాది దాటిన ఏ లీజైనా రిజిస్టరు చేయాలి.

రోడ్డు విస్తరణలో స్థలం పోతే పరిహారం రికార్డులో ఉన్న పేరుకే వస్తుంది. పేరు తేలకపోతే, రెండు వర్గాలు దరఖాస్తు పెట్టుకుంటే, డబ్బు కోర్టులో గానీ సంబంధిత అథారిటీ దగ్గర గానీ జమ చేసి ప్రభుత్వం చేతులు దులుపుకుంటుంది. కర్నూలు నుంచి కడపకు పోయే దారిలోని సంఘాలు, గని, శకునాల, ఎన్.పి.కుంట సోలార్ పార్కుల చుట్టుపక్కల మెట్ట చేలున్న సంఘాలు మ్యుటేషన్ పని ముందే పూర్తి చేసుకోవాలి. వచ్చిన సొమ్మును మళ్లీ స్థిరాస్తిలోనే పెట్టాలి. జీతాల బాకీలకు వాడితే రెండేళ్లలో నేలా ఉండదు, డబ్బూ ఉండదు.

వీలునామాల గురించి ఒక్క మాట. దగ్గరి బంధువులున్న క్రైస్తవులు మత, ధర్మ కార్యాలకు ఆస్తి రాయాలంటే చనిపోవడానికి కనీసం ఏడాది ముందే వీలునామా రాసి ఉండాలని భారత వారసత్వ చట్టం 118వ సెక్షన్ అనేది. 2003లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఇప్పటికీ కొందరు రాతగాళ్లు పాత నియమం చెప్పి వృద్ధులను వెనక్కి పంపుతున్నారు.

ప్రతి సంఘానికీ ఒక ఆస్తి రిజిస్టరు ఉండాలి. ఒక్కో ఆస్తికి ఒక పేజీ: పాత సర్వే నంబరు, ఎల్.పి. నంబరు, విస్తీర్ణం, నాలుగు హద్దులు, పత్రం నంబరు, అసలు పత్రం ఎక్కడుంది, పన్ను రసీదు, కౌలుదారు, గడువు, కేసు ఉంటే నంబరు, వాయిదా. అసలు పత్రాలు డయోసీస్ లాకరులో, సర్టిఫైడు నకళ్లు సంఘంలో ఉండాలి. పాస్టరు బదిలీ అయినప్పుడు కొత్తాయన చేతికి తాళంచెవులు ఇచ్చినట్టే ఈ రిజిస్టరు కూడా సంతకం తీసుకుని ఇవ్వాలి. ఏటా సర్వసభ్య సమావేశంలో ఆదాయ వ్యయాల పక్కనే దీన్నీ పేజీ పేజీ చదవాలి.

ఇవేవీ జరగక, అడిగినా లెక్క చూపక, ఆస్తి అన్యాక్రాంతం అవుతుంటే సభ్యులకు సివిల్ ప్రొసీజర్ కోడ్ 92వ సెక్షన్ ఉంది. పబ్లిక్ ట్రస్టు ఆస్తి విషయంలో ఆసక్తి ఉన్న ఇద్దరు కోర్టు అనుమతి తీసుకుని దావా వేయవచ్చు. లెక్కలు చూపించమని, ట్రస్టీని తొలగించమని, కొత్త పాలన పథకం రూపొందించమని అడగవచ్చు. అనుమతి దరఖాస్తుతో పాటు సభ్యత్వం రుజువు, చందా రసీదులు, ఆస్తి పత్రాల నకళ్లు, లెక్కలు అడిగిన లేఖలు, వాటి పోస్టల్ రసీదులు జత చేయాలి. లేఖలు స్పీడ్ పోస్టులో, డయోసీస్‌కూ ట్రస్ట్ అసోసియేషన్‌కూ విడివిడిగా పంపండి. ఒకరికే పంపితే "మాకు తెలియదు" అనేందుకు రెండోవారికి దారి దొరుకుతుంది.